వెదురు బద్ద

చెక్కకు పాలిష్ పట్టే బాబూ మియా వచ్చీ రాగానే గోడ మీద చెయ్యి వేయలేదు. చెప్పులు మెట్ల కిందే విడిచి పైకొచ్చి, గది నాలుగు మూలలూ చూసి, తలుపు వెనక ఎవరికీ కనపడని చోట గొంతుక్కూర్చున్నాడు. మంచినీళ్ళ గ్లాసులో వేలు ముంచి గోడ మీద రూపాయి బిళ్ళంత మేర రుద్దాడు. లేచి కిటికీ పక్కకు వెళ్ళి అక్కడా అలాగే రుద్దాడు. ఈసారి వేలిని బొటనవేలికి ఆనించి విడదీస్తే రెండింటి మధ్య సన్నటి దారం సాగింది.

"సార్, ఈడ రెండు తీర్ల జిగురున్నది," అన్నాడు. "అంతటా ఉన్నది ప్లాస్టిక్ కాగితంది. కిటికీ పక్కన మాత్రం దాని కింద మైదాపిండి ఉన్నది. ఎవరో ఇంట్ల ఉడకబెట్టి పూసిన్రు."

గుమ్మంలో నిలబడ్డ జానకీదేవి చేతిలో టీ కప్పు సాసరు మీద టక్కుమంది.

"ఇంట్లో ఎవరు పూస్తారయ్యా, అద్దెకున్న కుర్రాళ్ళు పూసి ఉంటారు," అన్నాడు ఆమె భర్త హనుమత్ప్రసాద్. "అమీర్‌పేటలో కోచింగ్‌కని వచ్చిన ప్రతివాడూ ఈ గదిలో దిగినవాడే. ప్రతివాడూ మా నాన్నగారి గోడకే అంటించాడు. సిలబస్సులు, టైంటేబుళ్ళు, మోటారు సైకిళ్ళ బొమ్మలు. ఇప్పుడు చదువులన్నీ ఫోన్లలోకి పోయాయి. ఇక ఎవరికీ ఇచ్చేది లేదు. శుక్రవారం పది గంటలకు పట్టాభిషేకం పటం ఈ గదిలోకి తెస్తున్నాం. అప్పటికి అవుతుందా?"

"గోడ ఎప్పుడు ఒప్పుకుంటే గప్పుడైతది సార్."

"అదేం మాటయ్యా."

"ఫికర్ జేయకున్రి. గురువారం సాయంత్రం నమాజుకల్లా అప్పజెప్త."

ఆ గది గోడల్లో ఒకటి మొత్తం టేకు పలకలది. హనుమత్ప్రసాద్ తండ్రి లక్డీకాపూల్లో పాత బంగళా ఒకటి పడగొడుతుంటే ఆ పలకలు తెచ్చి, ఎండా వానా తగలకుండా ఏడాదిపాటు దాచి, దగ్గరుండి బిగించుకున్నాడు. ఆరేళ్ళుగా ఆ గోడ పూల బొమ్మలున్న అంటుడు కాగితం కింద ఉంది. మొన్న ఆదివారం హనుమత్ప్రసాద్ ఆ కాగితాన్ని పట్టి లాగాడు. కాగితం వచ్చింది, జిగురు రాలేదు. దుమ్ము పట్టి నల్లబడిన జిగురు గోడంతా బొల్లి మచ్చల్లా మిగిలింది.

బాబూ మియా నువ్వుల నూనెలో పాత పంచె గుడ్డ ముంచి, నూనె కారకుండా పిండేసి, జిగురు మీద పరిచి చేత్తో అదిమాడు. అది నానేదాకా కదలకుండా కూర్చున్నాడు. ఒకటి నానుతుంటే పక్కన ఇంకొకటి పరిచాడు.

"స్పిరిటు పెట్టి తుడిస్తే క్షణంలో పోతుందటగా," అన్నాడు హనుమత్ప్రసాద్.

"పోతది సార్. జిగురుతోని లక్క పాలిష్ సుత పోతది. గప్పుడు గోడ ఎండిపోయిన మొకం లెక్క అయితది." గుడ్డ అంచు ఎత్తి చూశాడు. "దీనికి నూనె తాగిపియ్యాలె. ఓపిక పట్టాలె. అంతే."

సంచిలోంచి జానెడు వెదురు బద్ద తీశాడు. ఒక కొన సన్నగా చెక్కి ఉంది. ఏళ్ళ తరబడి నూనె తాగి అది తేనె రంగుకు తిరిగింది. బద్దను గోడ మీద దాదాపు పడుకోబెట్టి, చెక్క చారల వెంట నెమ్మదిగా నెట్టాడు. సర్ర్ మని చిన్న చప్పుడు. జిగురు మెత్తగా చుట్టలు చుట్టుకొని బద్ద మీదికి ఎక్కింది. దాన్ని గుడ్డకు తుడిచి మళ్ళీ నెట్టాడు.

జానకీదేవి టీ అక్కడ పెట్టి గబగబా మెట్లు దిగింది. వంటింట్లోకి వచ్చినా ఆ చప్పుడు వదల్లేదు. అది ఆమెకు కొత్త కాదు. ఆరేళ్ళుగా వింటూనే ఉంది. పూజలో గంట ఆపగానే వచ్చే నిశ్శబ్దంలో, కుక్కర్ ఆవిరి వదిలి ఊరుకున్నాక, పక్క సందులో ఎవరో చీపురుతో ఊడుస్తున్నప్పుడు. సర్ర్. ఆ వెనకే ఒక మాట. "ఇనుము పెట్టలే అమ్మా. నేను టేకుకు ఇనుము పెట్ట."

పోపు డబ్బాల వెనక, పాత వార్తాపత్రికలో చుట్టి, అచ్చం అలాంటి వెదురు బద్దే ఒకటి ఉంది. అది అక్కడే ఉందో లేదో చూడడానికి కూడా ఆమె ఎన్నడూ చెయ్యి పెట్టలేదు.

మంగళవారం మధ్యాహ్నానికి కిటికీ పక్క గీతలు బయటపడ్డాయి.

మైదా జిగురుకు నూనె పనికిరాదని బాబూ మియా గోరువెచ్చని నీళ్ళడిగి తీసుకెళ్ళాడు. తడిగుడ్డ పెట్టి, జిగురు పాలమీగడలా ఉబ్బాక బద్దతో తీశాడు. కింద నాలుగు గాట్లు. ఒక్కొక్కటి వేలెడు పొడుగు. తేనె రంగు చెక్క మీద లోపలి పచ్చి చెక్క తెల్లగా కనపడుతోంది.

"అదుగో, సారయ్య నిర్వాకం," అన్నాడు పైకొచ్చిన హనుమత్ప్రసాద్. "ఈ గాట్లు చూడలేకే ఆ పూల కాగితం అంటించాను."

బాబూ మియా తలెత్తాడు. "ఏ సారయ్య సార్? ఎర్రగడ్డ సారయ్యనా? పాలిష్ సారయ్య?"

"వాడే."

బాబూ మియా బద్దను గుడ్డకు తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు. "ఆయన నా ఉస్తాద్ సార్. ఈ బద్ద చెక్కిచ్చింది ఆయననే."

హనుమత్ప్రసాద్ కాస్త తడబడ్డాడు. ఆ తడబాటు మీద ఆయనకే విసుగొచ్చింది. "అయితే మీ ఉస్తాద్ పనితనం నువ్వే చూసుకో."

"ఇది ఆయన చేసింది గాదు."

"కళ్ళారా చూశానయ్యా. ఇక్కడో కాగితం ఉండేది, వాడు దాన్ని తీశాడు, కింద గాట్లు. వాడు గాక, దయ్యం వచ్చి గీకిందా?"

"దయ్యం సంగతి నాకు తెల్వది." బాబూ మియా ఫోను లైటు వేసి గోడకు పక్కవాటుగా పట్టాడు. గాట్లలో నీడలు నిండాయి. "కుడిచేతోడు గీకితే గీత పై నుంచి ఎడమకు దిగుతది. ఇవి నాలుగూ కుడికి దిగినయ్. ఇది ఎడమచెయ్యి సార్. కత్తి సుత చిన్నది. కూరగాయల కత్తసొంటిది."

"ఏ చేత్తో గీకితే ఏంటి, పాడయ్యింది పాడయ్యింది," అని హనుమత్ప్రసాద్ గుడికి టైమైందంటూ దిగిపోయాడు.

జానకీదేవి అప్పుడు వంటింట్లో చిక్కుడుకాయలు తరుగుతోంది. మెట్ల మీంచి మాటలన్నీ వినపడ్డాయి. ఎడమచేతిలో ఉన్న కత్తి ఆగిపోయింది. చిన్నప్పుడు అమ్మ ఆ చేతి మీద ఎన్ని దెబ్బలు వేసినా పనికి ముందుకొచ్చేది అదే. ఇవ్వడానికీ పుచ్చుకోవడానికీ, దేవుడికి పువ్వు పెట్టడానికీ మాత్రం కుడిచెయ్యి అలవాటు చేసుకుంది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా అత్తవారింట్లో ఎవరూ ఆ ఎడమచేతిని పట్టించుకోలేదు. వంటింట్లో నిలబడి చూసేవాళ్ళెవరు?

ఆ రోజు కూడా ఇదే కత్తి. సారయ్య మర్నాడు వస్తాడనగా, ఎల్లుండి సత్యనారాయణ వ్రతమనగా, ఖాళీ అయిన గది ఊడుద్దామని వెళ్ళింది. మోటారు సైకిల్ బొమ్మ ఊడిన చోట జిగురు ముద్దలుగా ఉంది. కాస్త గీకితే ఏమవుతుందని గీకింది. నాలుగుసార్లు. నాలుగోసారి చెక్క కీచుమంది. వంటింట్లోకి పరుగెత్తి మైదా ఉడకబెట్టి, నేల మీద పడివున్న సిలబస్సు కాగితం దాని మీద అంటించింది. మర్నాడు సారయ్య ఆ కాగితం తీశాడు, జిగురు పూర్తిగా తీయకముందే గాట్లు బయటపడ్డాయి. భర్త కేకలు మొదలుపెట్టాడు. మామగారి సంవత్సరీకం అయ్యి అప్పటికి నెల కూడా కాలేదు. ఆమె నోరు తెరిచింది. సారయ్య ఆమె వైపు చూశాడు. ఆమె నోరు మూసుకుంది.

"అమ్మా."

బాబూ మియా ఖాళీ చెంబుతో వంటింటి గుమ్మంలో ఉన్నాడు. చూపు ఆమె చేతి మీద పడి, వెంటనే పక్కకు తిరిగింది.

"ఇంకిన్ని గరం నీళ్ళు గావాలె." ఆమె కత్తి కింద పెట్టి, నీళ్ళు పోసి, కుడిచేత్తో చెంబు అందించింది. అతను అందుకున్నాడు, కానీ కదల్లేదు. "టేకు పొట్టు, లక్క కలిపి గాట్లు నింపొచ్చమ్మా. మీద పాలిష్ కొడితే ఎవ్వరికి తెల్వది. నింపెయ్యాల్నా?"

"ఎవ్వరికీ తెలియదా?"

"మీకు నాకు తప్ప."

స్టవ్ మీద పప్పు పొంగింది. ఆమె మంట తగ్గించింది. అతని వైపు తిరగకుండానే అడిగింది. "సారయ్య ఎక్కడున్నాడు?"

"పంజాగుట్టల, ఓ దవాఖాన కాడ. బండ్ల పార్కింగుల టోకెన్లు ఇస్తుండు. ఈ గల్లీల పని బంద్ అయినంక పక్క గల్లీల సుత బంద్ అయింది. మాట నడుస్తది గదమ్మా, కాళ్ళున్నట్టు."

అతను మెట్లెక్కాక చప్పుడు మళ్ళీ మొదలైంది. సర్ర్. కాసేపు ఆగి, సర్ర్. పైన గది గురించి ఆమెకు అప్పుడే ఒక ఆలోచన వచ్చింది, వద్దనుకున్నా వచ్చింది. స్వామిని తీసుకెళ్ళి ఆ గోడకు ఆనించి కూర్చోబెడితే, ఆయన వీపుకు ఆ నాలుగు గాట్లూ తగలవా? అంతా చూసేవాడికి ఆరేళ్ళ క్రితం అది కనపడలేదా? కనపడితే, రోజూ తన చేతి పువ్వు ఎందుకు పుచ్చుకుంటున్నట్టు?

బుధవారం ఆమె మెట్రో ఎక్కింది. పంజాగుట్ట పక్క స్టేషనే. సంచిలో వార్తాపత్రిక చుట్ట ఉంది. ఆరేళ్ళలో దాని మీద నూనె మరక పడి, ఎవరిదో నవ్వుతున్న ముఖం సగం కరిగిపోయింది.

ఆసుపత్రి పక్కన స్కూటర్లు వరసలుగా ఉన్నాయి. నీలం చొక్కా, మెడలో ఈల, చేతిలో టోకెన్ల కట్ట. మనిషి సగమైపోయాడు. ఒక్కో టోకెనూ విడదీయడానికి రెండుసార్లు ప్రయత్నిస్తున్నాడు. స్కూటరు మీద వచ్చిన పిల్లవాడెవరో "జర జల్దీ తాతా, లోపట పేషెంటుండు," అంటే, "పేషెంటు కోసమే గదరా ఈడ అందరొచ్చేది," అన్నాడు. గొంతు మారలేదు.

ఆమెను చూసి అతను ఆశ్చర్యపోలేదు. "బాబూ చెప్పిండు మీ ఇంట్ల పని చేస్తున్న అని. బండి ఎక్కడ పెట్టిన్రమ్మా?"

"బండి మీద రాలేదు."

"మరి ఎవరికి బాగలేదు?"

"ఎవరికీ ఏమీ కాలేదు. నీకోసమే వచ్చాను సారయ్యా." మాటలు ఆరేళ్ళుగా కూడబెట్టుకున్నవే. నోట్లోకి వచ్చేసరికి పొడిబారాయి. "ఆ గాట్లు నేను పెట్టినవి. నువ్వు వచ్చే ముందురోజు. కూరల కత్తితో."

సారయ్య ఒక టోకెను విడదీసి, ఎవరికో ఇచ్చి, బండి ఎక్కడ పెట్టాలో చేత్తో చూపించాడు.

"నాకు తెల్వంది గాదమ్మా అది. పొద్దుగాల మీ వంటింటి కిటికీ ముంగట బకెట్ కడిగిన. మీరు బెండకాయలు తరుగుతుండిరి. మాపటికి గాట్లు చూసిన. అర్థమైంది."

"తెలిసి ఎందుకు చెప్పలేదు?"

"నేను చెప్తే ఎవరింటరు?" అన్నాడు మామూలుగా. "మీరే చెప్తరనుకున్న. అందుకే పని బంద్ అయినంక సుత మూడొద్దులు మీ గేటు కాడికి వచ్చిన."

ఆమెకు మొదట అర్థం కాలేదు. తర్వాత గేటు గడియ చప్పుడు గుర్తొచ్చింది. మొదటి రోజు, గుడ్డ మరిచిపోయానమ్మా. రెండో రోజు, నూనె సీసా ఉండిపోయిందమ్మా. గుడ్డ ఇచ్చింది. సీసా ఇచ్చింది. రెండూ కుడిచేత్తోనే, ఏ లోటూ లేకుండా. ఇచ్చాక కూడా అతను గేటు దగ్గర కాసేపు నిలబడేవాడు. వయసు మీద పడి మతిమరుపు వచ్చిందనుకుంది. మూడో రోజు వెదురు బద్ద అడిగాడు. పక్కనే భర్త కూర్చొని పేపరు చదువుతున్నాడు. కనపడలేదు సారయ్యా, అంది. అది అప్పటికే పోపు డబ్బాల వెనక ఉంది. ఇనుము పెట్టలేదనడానికి అదొక్కటే సాక్ష్యమని ఆమె చేతికి ఎలా తెలిసిందో, గొడవ జరిగిన రోజే తీసి దాచేసింది.

నాలుగో రోజు అతను రాలేదు. ఆమె మాత్రం ఆ తర్వాత గడియ చప్పుడైన ప్రతిసారీ ఉలిక్కిపడుతూనే ఉంది.

సంచిలోంచి చుట్ట తీసి, రెండు చేతులా పట్టుకొని ముందుకు చాచింది. సారయ్య దాన్ని అందుకోలేదు. కాగితం మీదినుంచే వేలితో ఒకసారి తడిమాడు.

"ఇది దొరకలేదని సారు ముంగట చెప్పిన్రు," అన్నాడు. "దొరికిందని సుత సారు ముంగటనే చెప్పున్రి. నాకు చెప్తే ఏం లాభం?"

వెనక హారన్లు మోగాయి. "జర పక్కకు జరగున్రమ్మా, బండ్లు ఆగినయ్," అన్నాడు. అందులో కోపం లేదు. ఎవరికైనా అలాగే చెబుతాడు.

గురువారం బాబూ మియా చివరిసారి టర్పెంటైన్ గుడ్డతో నూనె జిడ్డు తుడిచి, సన్నగా పాలిష్ పట్టించాడు. పలకల చారలు ఒక్కొక్కటీ నీళ్ళలోంచి పైకి తేలినట్టు తేలాయి. హనుమత్ప్రసాద్ దగ్గరికి వచ్చాడు. గోడకు అరచెయ్యి ఆనించి, "నాన్నగారు చూడాల్సిందయ్యా ఇది," అన్నాడు. అంతలోనే కిటికీ వైపు చూసి ముఖం ముడిచాడు.

"ఇవి నింపలేదేం?"

"అమ్మ వద్దన్నరు సార్."

"ఎందుకు జానకీ?"

"రేపు చెబుతానండి," అంది ఆమె.

శుక్రవారం పదింటికి పటం పైకి వచ్చింది. కింద వంటింటి గూట్లో పొగచూరిన రాముడు టేకు గోడ ముందు కొత్తగా కనిపించాడు. ఎదురింటి రాఘవయ్యగారు, సందులోని మరో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. దీపం వెలిగించారు. కిటికీ తెర వేసి ఉండడంతో దీపం వెలుగు గోడ మీదుగా పక్కవాటుగా పాకి, నాలుగు గాట్లలో నాలుగు నీడలు నిలబెట్టింది. వెలుగు కదిలినప్పుడల్లా అవి వేళ్ళలా కదులుతున్నాయి. హారతి పాడుతున్నంతసేపూ జానకీదేవి వాటినే చూసింది.

పులిహోర ఆకు చేతిలోకి తీసుకుంటూ రాఘవయ్యగారు గోడను మెచ్చుకున్నారు. "అద్దంలా తెచ్చాడే. కాకపోతే ఆ సారయ్య ముద్ర మాత్రం పోలేదు."

"అవి సారయ్యవి కావు, అన్నయ్యగారూ. నావి."

ఆమె గొంతు పెద్దగా లేదు. అయినా గదిలో తింటున్న చేతులు ఆగిపోయాయి. హనుమత్ప్రసాద్ హారతి పళ్ళెం పట్టుకొని అలాగే ఉన్నాడు. కర్పూరం ఇంకా ఆరలేదు.

"సారయ్య వచ్చే ముందురోజు కూరల కత్తితో నేనే గీకాను. మైదా ఉడకబెట్టి కాగితం అంటించింది నేనే. ఆయన కేకలేస్తుంటే ఊరుకున్నాను. ఇది కూడా," పటం వెనక నుంచి వార్తాపత్రిక చుట్ట తీసి విప్పి, బద్దను పీట మీద పెట్టింది, "దొరకలేదని మీ ముందే చెప్పానండి. నా దగ్గరే ఉంది. అతను దీంతోనే పని చేశాడు. ఇనుము పెట్టలేదు."

రాఘవయ్యగారు తినకుండానే పులిహోర ఆకు కింద పెట్టారు.

"నేను కూడా నలుగురికి చెప్పానమ్మా, వాణ్ణి రానివ్వొద్దని," అన్నారు. "మా వియ్యంకుడికి చెప్పాను. పక్క సందులో వాళ్ళకి చెప్పాను. వాళ్ళు ఇల్లు అమ్ముకొని ఎటో వెళ్ళిపోయారు. ఇప్పుడెక్కడని చెప్పను?" ఆయన ఆమెను అడగడం లేదు.

ఒక్కొక్కరే దిగిపోయారు. తాంబూలాలు అందుకున్నవాళ్ళు కూడా ఆమె ముఖం వైపు చూడకుండా అందుకున్నారు. ఆమె గిన్నెలు సర్దుతూ భర్త అరుస్తాడని ఎదురుచూసింది. ఆరేళ్ళుగా ఆ అరుపు ఎలా ఉంటుందో అనుకుంటూనే ఉంది. ఆయన అరవలేదు. గోడ దగ్గరికి వెళ్ళి చూపుడువేలు ఒక గాటులో పెట్టి పై నుంచి కిందికి, కుడి వైపుకు జార్చాడు. తర్వాత రెండోది. నాలుగూ అయ్యాక ఆ వేలిని చూసుకున్నాడు.

"మూడో రోజు," అన్నాడు, "బద్ద అడిగి గేటు దగ్గర నిలబడ్డాడు. ఇంకా పోలేదేంటి, దీన్నడ్డం పెట్టుకొని బతిమాలుకోడానికి వచ్చాడేమో అనుకున్నాను. పేపరు దించి ముఖం కూడా చూడలేదు."

ఆమె పులిహోర ఆకులు ఒకచోట చేర్చింది.

"ఇప్పుడెక్కడున్నాడు?"

పంజాగుట్టలో ఆసుపత్రి గుర్తులు చెప్పింది. నేనూ వస్తాననబోయింది. ఆయన అప్పటికే గది దాటాడు. మెట్ల మీద అడుగులు, ఆగి, మళ్ళీ కదిలి, కింది గచ్చు మీద వినపడకుండా పోయాయి.

దీపంలో ఒత్తి సరిచేసి, ఆమె గిన్నెలు ఎత్తింది. గేటు గడియ చప్పుడైంది. ఈసారి ఉలిక్కిపడలేదు. తిరిగి చూస్తే పీట మీద వార్తాపత్రిక కాగితం ఒక్కటే ఉంది. బద్ద లేదు.